పెరటి పండ్లచెట్లకు ఎరువులు

మా పెరటిలో మా అమ్మగారు నాటిన నిమ్మచెట్టొకటి యుండెడిది. ఊరగాయల దినములు వచ్చినచో వీథిలోని సగము ఇండ్లవారు గంపలతో మా గుమ్మము త్రొక్కెడివారు. అట్టి చెట్టును చంపినవాడను నేనే. గొడ్డలితో గాదు, ఎరువుతో.

ఒక యేడు కాపు కొంచెము తగ్గినట్లు తోచి, చెట్టునకు బలము చేకూర్తునని పూనుకొంటిని. నాలుగు గంపల పచ్చిపేడ తెచ్చి మొదటిచుట్టు దిబ్బగా పోసి, ఉదయము సాయంకాలము దానిపై బిందెలతో నీళ్లు గ్రుమ్మరించితిని. మరుసటి యేడు మొదలువద్ద బెరడు పగిలి బంక కారసాగెను. ఆకులు పసుపువారి రాలెను. రెండవ వేసవి గడచుసరికి చెట్టు మోడైనది. అమ్మగారు నన్నొక్క మాటయు ననలేదు. ఎరువులను గూర్చి నేను శ్రద్ధగా తెలిసికొన నారంభించుట అప్పటినుండియే.

తెలిసికొన్నదానిలో మొదటిది, ఎరువు ఎంత వేసితిమనుటకంటె ఎచ్చట, ఎప్పుడు వేసితిమనుటయే ముఖ్యమని. ఎదిగిన చెట్టు మొదటినంటియున్న లావుపాటి వేళ్లు ప్రధానముగా చెట్టును నిలిపి యుంచుటకే. నీటిని, పోషకములను పీల్చుకొను సన్నని పిల్లవేళ్లు దూరముగా వ్యాపించి యుండును. వానిలో అధికభాగము నేల పైపొరలో, అడుగు అడుగున్నర లోతులోపలనే యుండును. కావున మొదటివద్ద ఎరువు పోయుట అన్నమును నోటికందింపక భుజమునకు పూసినట్లే. అంతియే గాదు, నిమ్మజాతి చెట్టు మొదలు నిత్యము తడిసియున్నచో బంకతెగులు కలిగించు సూక్ష్మజీవి తడినేలలో పెరిగి బెరడును పట్టును. మా చెట్టునకు పట్టినది ఇదియే.

మరి ఎచ్చట వేయవలెను? వాన కురియునపుడు చెట్టు కొమ్మల చివరలనుండి నీరు జారిపడు వలయమును గుర్తింపుడు. ఆ వలయమునకు కొంచెము లోపలగా అడుగు వెడల్పున, అరయడుగు లోతున చుట్టును పాదు త్రవ్వవలెను. వేరు తగిలినచో నరుకక ప్రక్కగా త్రవ్వుడు. చివికిన పశువుల ఎరువును, రసాయనిక ఎరువును అందు చల్లి, మట్టితో కలిపి, కప్పి, నీరు పెట్టవలెను. పొడినేలపై యూరియా చల్లి విడిచినచో కొంత గాలిలో కలిసిపోవును. పచ్చిపేడ యెన్నడును పనికిరాదు. అది కుళ్లునపుడు వేడి పుట్టును, వేరుపురుగులును చేరును. గుంటలో వేసి నల్లగా, పొడిపొడిగా మారువరకు మాగనిచ్చిన పిమ్మటనే వాడవలెను.

చెట్టు కోరు ప్రధానాహారములు మూడు. నత్రజని ఆకును, కొమ్మను పెంచును. భాస్వరము వేళ్లకును పూతకును తోడ్పడును. పొటాష్ కాయకు పరిమాణమును, రుచిని ఇచ్చును. యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్లు, సింగిల్ సూపర్ ఫాస్ఫేటులో భాస్వరము 16 పాళ్లు, మ్యూరేట్ ఆఫ్ పొటాషులో పొటాష్ 60 పాళ్లు ఉండును.

మామిడిని ఉదాహరణముగా గైకొందము. మొదటి సంవత్సరమున ఈ మూడును తలకు 100 గ్రాముల చొప్పున చాలును. అనగా యూరియా సుమారు 220 గ్రాములు, సూపర్ ఫాస్ఫేట్ 625 గ్రాములు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ సుమారు 170 గ్రాములు. ఏటేట అంతంత పెంచుచు పదవయేట ఒక్కొక్క పోషకమును కిలో వంతున ఇచ్చి, అటుపై అదే మోతాదున నిలుపవలెను. చెట్టు ఎంత పెద్దదైనను ఇక పెంచనక్కరలేదు.

కాలమును పాటించుటయు నంత ముఖ్యమే. మామిడికి కాయ కోసిన పిదప, తొలకరి వానలతో ఎరువు వేయవలెను. చలికాలమున పూతకు రావలసిన చెట్టునకు కార్తికమాసమున నత్రజనిని, విరివిగా నీటిని ఇచ్చినచో అది చిగురించును గాని పూత తగ్గును. "చెట్టు పచ్చగానే యున్నది, కాయ మాత్రము లేదు" అని వాపోవువారు మొదట ఈ సంగతిని విచారించుకొనవలెను. అరటి, బొప్పాయిల తీరు వేరు. అవి స్వల్పకాలములో పెరిగి కాయవలసినవి గనుక, ఒక్కమారు కుమ్మరింపక, రెండేసి నెలల కొకసారి కొద్దికొద్దిగా, మొదటికి అడుగు దూరమున వేయవలెను.

నిమ్మ ఆకులు చిన్నవై, ఈనెలు పచ్చగానుండి వాని నడుమ పసుపువారినచో అది సాధారణముగా జింకు లోపము. పేడ ఎంత వేసినను త్వరగా తీరదు. లీటరు నీటికి 5 గ్రాముల జింక్ సల్ఫేటు కలిపి లేత చిగురుపై పిచికారి చేయవలెను. కట్టెల బూడిదలో పొటాష్ కలదు గాని క్షారగుణమును కలదు. ప్రతిదినము ఒకే చెట్టు మొదట పోయుట మేలు గాదు. స్నానాలగదినుండి వచ్చు సబ్బునీటిని నిమ్మచెట్టు మొదట నిలువనీయరాదు.

పాత నిమ్మచెట్టు పోయినచోట మేము మరల నిమ్మ నాటలేదు. పెరటి రెండవ మూలను, నీరు నిలువని మెరకచోట నాటితిమి. మొదటిచుట్టు జానెడు మేర మట్టిని ఎగదోసి, నీరు ఆ వెలుపలి పాదులోనే పారునట్లు చేసితిమి. ఇప్పుడది కాయుచున్నది. పాత చెట్టంత కాపు ఇంకను లేదు. అమ్మగారు దానికి తొందర లేదందురు.

ఈమారు తొలకరి జల్లు పడునపుడు వసారాలో నిలిచి, మీ చెట్టు కొమ్మల చివరలనుండి చినుకులు నేలపై ఎచ్చట పడుచున్నవో చూడుడు. వాన వెలిసిన వెంటనే నాలుగు పుల్లలు తెచ్చి ఆ చోటులలో గ్రుచ్చుడు. ఎరువు గంప దింపవలసిన తావు అది.