రొట్టె తట్టే చేతుల లెక్క

(విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాలమూరు తిండి గురించి మాట్లాడుమన్నరు. పుస్తకాలు చూసి చెప్పుడు కంటే ఇండ్లల్ల కూసోని తిని, వండుడు నేర్చుకొని చెప్తే బాగుంటదని నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల తిరిగి వచ్చినం. ఇవన్నీ ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లానే. 2016 అక్టోబర్‌లో మూడు జిల్లాలైనయి.

మూడు చోట్లా ఒకటే మాట విన్నం: “మీకు రొట్టెలేం పెడ్తం బిడ్డా, కూసోండ్రి, బువ్వొండుత.” ఇంటికొచ్చినోళ్లకు వరిబువ్వ పెడితేనే మర్యాద. జొన్నరొట్టె అంటే లేనోళ్ల తిండి అనే సిగ్గు ఇంకా పోలేదు. ఆ సిగ్గు ఊరికే రాలేదు. వాన మీద బతికే నేలలో వరిబువ్వ పండుగకో, పెండ్లికో దొరికేది. బొంబాయి బస్సెక్కిన పాలమూరు కూలీల మూటల్ల ఉన్నది ఎండిన రొట్టె, కారం. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినంక పేదల తలెలోకి బువ్వ వచ్చింది. దాన్ని తప్పుపట్టే హక్కు కడుపు నిండినోళ్లకు లేదు.

నాగర్‌కర్నూల్‌లో అవ్వ మాట తీసెయ్యలేక బువ్వే తిన్నం. పచ్చిపులుసు చేసింది. చింతపండు పిసికి, కాల్చిన మిర్పకాయ, ఉల్లిగడ్డ నలిపి, నువ్వులపొడి కలిపింది. పొయ్యి మీద పెట్టే పనే లేదు. మిట్ట మధ్యాహ్నం చేనునుంచి వచ్చినోళ్లకు అంతకు మించిన కూర ఇంకేముంటది?

వనపర్తి దగ్గర ఒక ఇంట్ల పట్టుబట్టి రొట్టె నేర్చుకున్నం. అసలు పాఠం అక్కడిదే. పిండి కొత్తగా గిర్ని పట్టించిందై ఉండాలె, పాతదైతే జిగురు పోతది. గోధుమపిండి లెక్క జొన్నపిండి సాగదు, అందుకే చపాతీ కర్రకు లొంగదు. నీళ్లు సలసల మరిగినంక ఉప్పేసి, ఆ వేడినీళ్లు పిండిల పోసి కలుపుతరు. వేడికి పిండి అతుక్కునే గుణం పడుతది. అరచేతి మడిమతో నూరినట్టు మర్దన చెయ్యాలె. చెయ్యి కాలుతది, అయినా ఆగొద్దు. ఉండ చేసి పీట మీద పొడిపిండి చల్లి, ఒక చేత్తో తట్టుకుంట, ఇంకో చేత్తో అంచు పట్టుకుంట గుండ్రంగ తిప్పాలె. కొత్త చేతికి అంచు చీలుతది. పెంక మీద వేసినంక పైన తడిగుడ్డతో నీళ్లు అద్ది, తడి ఆరంగనే తిప్పెయ్యాలె. సరిగ్గ కాలితే రొట్టె పొంగుతది. రోట్ల దంచిన పల్లీల తొక్కు, పుంటికూర పప్పు పక్కకు పెట్టింది. ఆ రొట్టె తిన్నంక నగరంలో బండి మీద అమ్మే రొట్టె చప్పగనే అనిపిస్తది. అయితే అది కూడ ఏ ఊరినుంచో వచ్చిన ఆడబిడ్డ తట్టిందే.

అలవాటున్న చెయ్యి కూడ ఒక రొట్టెకు దగ్గర దగ్గర రెండు నిమిషాలు తీసుకుంది. ఇంట్ల ఆరుగురు, మనిషికి రెండు. అంటే పూటకు ఇరవై నాలుగు నిమిషాలు పొయ్యి ముందర, మంటకు ఎదురుగ. అది అయినంక చేనుకు పోవాలె. “కోడలుకు రాదు, నేర్పుదామంటే తీరిక లేదు” అన్నది ఆమె. కోడలు పొద్దుగాల కూలికి పోతది మరి.

గద్వాలలో మాట పంట మీదికి పోయింది. నడిగడ్డ అంటే కృష్ణ, తుంగభద్రల నడుమ నేల, పక్కనే రాయచూరు. పొద్దున బొరుగుల ఉగ్గాని, బజ్జీ పెట్టిన్రు. మధ్యాహ్నం రొట్టె, వంకాయ. జొన్నలు మాత్రం కొన్నవే! సొంత చేన్ల పత్తి విత్తనం సాగు. ఇట్ల ఎందుకైంది? 2025–26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర హైబ్రిడ్ జొన్నకు క్వింటాలుకు 3,699 రూపాయలు, సాధారణ వరికి 2,369. కాగితం మీద జొన్నదే పైచెయ్యి. కానీ దిగుబడి తక్కువ, పిట్టల కావలి ఎక్కువ, వడ్లకున్నట్టు ఊరూర కొనే కేంద్రం లేదు. 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం ఉచితంగ వస్తున్నయి. జొన్నలు దుకాణంల పైసలు పెట్టి కొనాలె. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమన్నది. ఆ ఏడాది సభలల్ల షుగరుకు మంచిదని చెప్పినోళ్లు చానమంది. తట్టేది ఎవరని అడిగినోళ్లను మేమైతే చూడలేదు.

2011 జూన్‌లో హైదరాబాద్ రోడ్ల మీద వంటావార్పు చేసినం. గరిటె పట్టిన మగ ఉద్యోగులు ఇక్కడ కూడ ఉన్నరు. ఆ గరిటె ఇంటికి పోయిందా అన్నలూ? నవ్వుతున్నరు గాని, అక్కలు నవ్వుతలేరు చూడండ్రి.

విద్యార్థి మిత్రులు హాస్టల్ల వారానికోసారి రొట్టె పెట్టాలని అడుగుదమంటున్నరు. అడగండ్రి, మేమూ వస్తం. కానీ రెండు వందల మందికి మనిషికి రెండంటే నాలుగు వందల రొట్టెలు. రెండు నిమిషాల లెక్కన పదమూడు గంటలు దాటుతది. ఇద్దరే వంటమనుషులుంటే ఒక్కొక్కరు ఆరున్నర గంటలకు పైనే రొట్టెలు తట్టాలె. వినతిపత్రం మీద మొదటి పంక్తిల వంటమనుషుల పోస్టులు రాయండ్రి. రెండో పంక్తిల జొన్నలు స్థానిక రైతుల దగ్గర కొనాలని రాయండ్రి. రొట్టె మూడో పంక్తిలకు వస్తది.