ఒకే ఊరు, మూడు శాస్త్రాలు



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం ఏర్పాటైందో ఆ సారు జీవితమంతా పిల్లలకు నల్లగొండ, పాలమూరు చరిత్రే చెప్పారు. అందుకే రాజకీయ హింస, ఉగ్రవాదం, ఆర్థిక ఆంక్షల మీద ప్రపంచంలో సాగుతున్న పరిశోధనను ఈ రెండు జిల్లాల వైపు నుంచి చూడదలిచాను.

ఆంక్షల గురించి చదివే వాళ్లంతా ముందు తెరిచే పుస్తకం ‘ఎకనామిక్ శాంక్షన్స్ రీకన్సిడర్డ్’. హఫ్‌బావర్, షాట్, ఎలియట్ అనే పరిశోధకులు దాన్ని 1985లో తెచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి దేశాలు ఒకదాని మీద ఒకటి విధించుకున్న ఆంక్షలను అందులో వరుసగా లెక్కగట్టారు. ఆ జాబితాలో 1948 కింద మనమూ ఉన్నాం: హైదరాబాదు మీద భారతదేశం విధించిన ఆంక్షలు. అక్కడ మనది ఒక్క వరుస.

ఆ వరుస వెనక జరిగింది ఇది. 1947 నవంబరు 29న భారతదేశానికి, నిజాం ఏలుబడిలోని హైదరాబాదు సంస్థానానికి మధ్య యథాతథ ఒప్పందం మీద సంతకాలయ్యాయి. నిజాం ప్రభుత్వం భారత కరెన్సీ చలామణిని అడ్డుకుంది, పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల అప్పు ఇచ్చింది. సరిహద్దుల్లో సరుకులు ఆగడం మొదలైంది. దిగ్బంధం పెట్టామని ఢిల్లీ ఒప్పుకోలేదు. పెట్రోలు, మందులు రావడం లేదని హైదరాబాదు వాపోయింది. 1948 ఆగస్టులో ఫిర్యాదు భద్రతామండలికి చేరింది. మండలి దాన్ని చేపట్టింది సెప్టెంబరు 16న. అప్పటికే సైన్యం లోపలికొచ్చి మూడు రోజులైంది. మర్నాడు నిజాం లొంగిపోయాడు.

రాబర్ట్ పేప్ అనే పండితుడు 1997లో ఆ పుస్తకం మీద గట్టి విమర్శ రాశాడు. ఆంక్షల విజయాలుగా లెక్కించిన 40లో నిలబడేవి 5 మాత్రమేనని, చాలాచోట్ల పని చేసింది సైనిక బలమేనని ఆయన వాదన. హైదరాబాదు మటుకు నాకు పేప్ మాటే సరి అనిపిస్తుంది. కానీ ఇరుపక్షాలూ వేసుకున్న ప్రశ్న ఒక్కటే: ప్రభుత్వం లొంగిందా, లేదా? సూర్యాపేట సంతలో ఉప్పు ధర ఎంతైంది, కిరసనాయిలు గడీకి చేరాక కూలి గుడిసెకు మిగిలిందా అని ఎవరూ అడగలేదు. అసలు పరిశోధన మొదలవ్వాల్సింది అక్కడ.

ఎందుకంటే ఆంక్షలు వచ్చేనాటికే ఈ పల్లెల్లో నిప్పు రాజుకుంది. యుద్ధకాలం నుంచి లెవీ ధాన్యం చిన్న రైతు గాదె ఊడ్చేసింది. దానికి తోడు వెట్టి, భూముల బేదఖళ్లు. 1946 జులై 4న కడవెండిలో రైతుల సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య దొర మనుషుల కాల్పుల్లో ఒరిగాడు. ఆ ఊరున్న జనగామ తాలూకా అప్పుడు నల్లగొండ జిల్లాదే. ఆ తరువాత నిజాం పక్షాన తుపాకులు పట్టిన రజాకార్లు వచ్చారు. ఒక్క 1948లోనే ఈ ఊళ్ల మీద దిగ్బంధం, రజాకార్ల దాడులు, పోలీసు గస్తీలు, సంఘం దళాలు, చివరికి మిలిటరీ అన్నీ వచ్చి పడ్డాయి. విశ్వవిద్యాలయాల్లో మాత్రం ఆంక్షలు ఒక శాఖకు, ఉగ్రవాదం మరో శాఖకు, రైతాంగ తిరుగుబాటు ఇంకో శాఖకు పోయాయి. ఒకరి పుస్తకం ఇంకొకరు చదవరు. సరుకుల కొరత రజాకార్ల దాడులను పెంచిందా? మితవాదుల గొంతు నొక్కడానికి సాకైందా? రజాకార్లను ఎదిరించి రాసిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను చంపింది 1948 ఆగస్టులోనే. మూడు శాఖలూ కలిసి కూర్చుంటే తప్ప ఈ ప్రశ్నలకు జవాబు రాదు.

లెక్కల సంగతి ఇంకా బాధ. మేరీలాండ్ విశ్వవిద్యాలయం నడిపిన ప్రపంచ ఉగ్రవాద దత్తాంశాన్ని ఎందరో పరిశోధకులు వాడతారు. అది 1970తో మొదలవుతుంది, ప్రభుత్వాలు చేసిన హింసను లెక్కలోకి తీసుకోదు. 1948లో రజాకార్ల మీద బురుజెక్కి పోరాడిన బైరాన్‌పల్లి అందులో ఉండదు. మనం రాసుకున్న పుస్తకాల్లోనూ బైరాన్‌పల్లి మృతుల సంఖ్య ఒక్కో చోట ఒక్కో తీరు. పాలమూరు వైపు 1947 నాటి అప్పంపల్లి కాల్పులకు చాలా గ్రంథాల్లో చోటే లేదు. పోలీస్ యాక్షన్ అని పిలిచిన 1948 సెప్టెంబరు సైనిక చర్య వెంట జరిగిన ముస్లింల ఊచకోత మీద సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేస్తే, ఆ నివేదిక దశాబ్దాల పాటు జనానికి అందలేదు. ఎక్కువ దెబ్బ తిన్నవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు. రజాకార్ల చేతిలో చచ్చినవాళ్లను లెక్కబెట్టి వీళ్లను వదిలేసేది పరిశోధన కాదు, పక్షపాతం.

మంచి పని జరగలేదని కాదు. ధనగరే 1974లోనే తెలంగాణ రైతాంగ పోరాటంలో ఏ తరగతి రైతు ఎందుకు చేరాడో విడదీసి చూశాడు. స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చి, పోరాటంలో ఉన్న ఆడవాళ్లనే మాట్లాడించింది. తరువాతి కాలపు నక్సలైటు హింస విషయంలోనూ అంతే: 1997లో ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వాన పౌరస్పందన వేదిక పోలీసుల చేతిలో పోయినవాళ్ల ఇళ్లకూ వెళ్లింది, నక్సలైట్ల చేతిలో పోయినవాళ్ల ఇళ్లకూ వెళ్లింది. ప్రభుత్వానికి, నక్సలైట్లకు మధ్య 2004 అక్టోబరులో జరిగిన చర్చలకు దారి వేసినవాళ్లలో ఆ వేదికవాళ్లున్నారు. ఆ చర్చలు నిలవలేదు. మరుసటి ఏడు ఆగస్టు 15న నారాయణపేటలో నక్సలైట్లు మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని, ఆయనతో ఉన్నవాళ్లను కాల్చి చంపారు. అయినా ఆ వేదిక పాటించిన పద్ధతి తప్పు కాదు. హింసను అధ్యయనం చేసేవాడు ఏడ్చే ఇళ్లన్నిటి గడపా తొక్కాలి.

ఇప్పుడు నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం ఉంది, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఉంది. ఈ రెండు చోట్లా చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి చదివే పిల్లలను నేను కోరేది ఇదే. తలా ఒక ఊరు తీసుకోండి. లెవీ రసీదులు, పాత పహాణీలు, సమాధి రాళ్లు, ఉర్దూ కాగితాలు చూడండి. ఉర్దూ రాకపోతే నేర్చుకోండి. నాటి మనుషులు దాదాపు వెళ్లిపోయారు, వాళ్ల మాటలు విన్న కొడుకులు, కోడళ్లు ఉన్నారు. ఇంట్లో పాత పెట్టెలున్న పెద్దలారా, ఆ కాగితాలను చిత్తుకు అమ్మకండి, ఈ విశ్వవిద్యాలయాలకు ఇవ్వండి.