కొనువారి యెన్నికయు, మన నేతచీరయు



చీరల యంగడికి బోయిన గృహిణి యేమి చేయును? అంగడిలో వేయి చీర లుండవచ్చును. ఆమె వేయింటిని జూడదు. ఇల్లు వెడలుటకు మున్నే కంచిపట్టో, పోచంపల్లియో, గద్వాలో యని రెండు మూడు పేర్లు మనస్సున నిలుపుకొని వచ్చును. అం దొకటి వెలకును వన్నెకును గుదిరెనా, కట్టించుకొని పోవును. తక్కిన చీరలు దోషమువలన ద్రోయబడినవి కావు. అవి విచారణకే రాలేదు.

మనుష్యుడు సర్వోత్తమమైనదానిని వెదకుచు గూర్చుండడనియు, తనకు జాలునన్నది దొరకగనే యాగుననియు అమెరికా పండితుడు హెర్బర్టు సైమను 1955లో ప్రతిపాదించెను. 1978లో ఆయనకు నోబెలు బహుమాన మొసంగబడినది. కొనువారి మనస్సున స్ఫురించు కొలదిపేర్లను గూర్చి హోవర్డు, షేత్ అను నిరువురు 1969లో ప్రకటించిన గ్రంథమున జర్చించిరి. ఇది మూఢత్వమని నే ననను. వెదకుటకును వ్యయమున్నది: కాలము, కాళ్లనొప్పి, అంగడివాడు గుట్టలుగా బరచిన పిదప నేమియు గొనక లేచుటకు సిగ్గు. (ఈ సిగ్గు పురుషులకే యెక్కువ.)

భాట్టమీమాంసకులును అద్వైతులును అనుపలబ్ధి యను ప్రమాణము నంగీకరింతురు. కనబడమిచేత లేమి దెలియుట యని దాని తాత్పర్యము. అయిన వారొక నియమము పెట్టిరి: ఉన్నయెడల గనబడదగిన వస్తువు కనబడకున్ననే యది ప్రమాణము. చీకటింట గుండ కనబడలేదని కుండయే లేదనరాదు. కొనువారీ నియమము నెరుగరు. పై యరలో దాగిన చీర వారికి లేనిదే.

మనము సభలలో నాణ్యమును గూర్చియు నూలుధరను గూర్చియు గంటలకొలది వాదింతుము. కావలసినదే. కాని పేరే స్ఫురింపని చీరకు నాణ్యమెట్లు తోడ్పడును? పోచంపల్లి యిక్కతునకు 2005లోను, ఉప్పాడ జాందానీకి 2009లోను భౌగోళిక గుర్తింపు లభించెను. అనుకరణము నడ్డుటకు అది చట్టబలము నిచ్చును. కొనువారి స్మృతిలో బేరు నాటుట దాని పని కాదు. పేరు నాటినచోట మరియొక చిక్కు. మరమగ్గపు బట్టపై నిక్కతు రూపు నద్ది యాపేరనే యమ్ముదురు; పేరును మాత్రమే యెరిగినవారు మోసపోదురు.

పరుల ననుటయేల? మా మనుమరాలి వివాహమునకు జీరలు గొన బోయితిమి. మగ్గపు చప్పుడులో బెరిగిన నేనును రెండవ యంగడిలోనే చాలునంటిని. మన మంగళగిరి చీర నాకు దోపనేలేదు. అడిగినది పిల్ల. “ఉన్నవి మాస్టారూ! ఎవరును అడుగరు గనుక లోపల బెట్టితిమి” అని యంగడివాడు నాలుగు చీరలు దెచ్చి దుమ్ము దులిపెను. రెండు గొంటిమి.