నోరులేని వృద్ధుడే ప్రమాణము



వృద్ధుల సంరక్షణగృహములో జరుగు సేవ మంచిదో కాదో సామాన్యకుటుంబము గుర్తించుట యెట్లు అను విషయమును గూర్చి ప్రసంగింపవలసినదిగా ఈ సభా నిర్వాహకులు నన్ను కోరిరి. వృద్ధవైద్యము నా వృత్తి. ఈ చర్చకు విశాఖపట్టణములోని ఈ మల్కాపురముకన్న తగిన తావు వేరొకటి లేదని నా విశ్వాసము. 1941 జూన్ 21వ తేదీన బాబూ రాజేంద్రప్రసాదుగారు ఇచ్చటి నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన చేసినప్పటినుండియు, 1948 మార్చి 14న నెహ్రూగారు ‘జల ఉష’ అను ఓడకు జలప్రవేశము చేయించినప్పటినుండియు, 1957లో చమురుశుద్ధి కర్మాగారమును, 1967లో ఎరువుల కర్మాగారమును, అటుపిమ్మట గాజువాక దాపున ఉక్కు కర్మాగారమును వెలసినప్పటినుండియు, శ్రీకాకుళ విజయనగర ప్రాంతపు పల్లెలనుండి చేతిసంచితో దిగిన యువకులెందరో ఇచ్చట రాత్రింబవళ్లు షిఫ్టులు చేసి, క్వార్టర్లలో కాపురములు పెట్టి, బిడ్డలను చదివించి, హైదరాబాదునకును బెంగుళూరునకును అమెరికాకును పంపిరి. ఆ పంపినవారే నేడు డెబ్బది, ఎనుబదియేండ్ల వయసున ఒంటరులై యున్నారు. 2011 నాటి జనాభాలెక్కలలోనే దేశమున అరువదియేండ్లు నిండినవారు 10 కోట్ల 38 లక్షలమంది; అనగా నూటికి 8.6 వంతులు. ఆ సంఖ్య అప్పటినుండి పెరుగుచునే యున్నది.

స్నానాలగదిలో జారిపడి తుంటియెముక విరిగిన తల్లిని, పక్షవాతముతో మంచము పట్టిన తండ్రిని, కన్నబిడ్డనే గుర్తుపట్టలేని మతిమరుపునకు లోనైన తాతను అహోరాత్రములు కనిపెట్టుకొని యుండగల మనుష్యులు ఇంటిలో లేనప్పుడు, వారిని హోములో చేర్చుట ధర్మమా, అధర్మమా యని తర్కించువారు పెక్కురు. చేర్చక తప్పనినాడు దేనిని చూచి చేర్చవలెనో చెప్పువారు మాత్రము అరుదు. ఆ లోటును కొంతవరకైన తీర్చుట నా యుద్దేశము.

ముందుగా ఒక మాట స్పష్టము చేయవలసియున్నది. మన వీధులలో నర్సింగుహోము అను బోర్డుగల భవనములు చాలవరకు కాన్పులును శస్త్రచికిత్సలును చేయు చిన్న ఆసుపత్రులు. వాటి నమోదునకు, నియంత్రణకు 2002వ సంవత్సరపు రాష్ట్రచట్టమొకటి గలదు. నేను నేడు మాటలాడునది, రోగము కుదిరి ఇంటికి పోవు ఆశలేని వృద్ధులను నెలల తరబడి, ఏండ్ల తరబడి ఉంచుకొని పోషించు గృహములను గూర్చి. ఇట్టి సేవ మన నగరమునకు క్రొత్త కాదు; డాబాగార్డెన్సులోని ప్రేమసమాజము 1930లోనే వెలసి అనాథలకును వృద్ధులకును ఆశ్రయమిచ్చినది. అయితే ఆనాడు ధర్మబుద్ధితో మాత్రమే నడచిన పని నేడు నెలకింతయని రుసుము గైకొను వృత్తిగా కూడ పరిణమించినది. వృత్తి యైనంతమాత్రమున అది హీనము కాదు. కాని వృత్తి యైన ప్రతిదానికిని పరీక్ష యుండవలెను.

ఓడ పైరంగు నిగనిగలాడుచున్నదని చూచి దానిని సముద్రముమీదికి పంపువారు లేరని నౌకాశాలలో పనిచేసిన మీకు నేను చెప్పవలసిన పని లేదు. దానిని డ్రైడాకులోనికి తెచ్చి, నీరు తోడివేసి, నిత్యము నీటిలో మునిగియుండు అడుగుభాగమును పరీక్షింతురు. సంరక్షణగృహమునందు ఆ అడుగుభాగ మేది? ముందుగదిలోని సోఫాలు కావు, గోడమీది దేవుని పటములు కావు, పండుగనాడు తీసిన ఫోటోలు కావు. లేచి నడువలేక, నోరు తెరచి అడుగలేక, చూడవచ్చువారెవ్వరును లేక చిట్టచివరి గదిలో పడియుండు వృద్ధుని శరీరమే ఆ అడుగుభాగము. మాటకారియైన వృద్ధునికి సేవ ఎక్కడనైనను జరుగును. ఎందుకనగా అతడు అడుగును, అరచును, కుమారునికి ఫోను చేయును. అడుగలేనివానికి జరిగిన సేవయే ఆ గృహముయొక్క నిజమైన ప్రమాణము. ఈ సాయంకాలము నేను చెప్పదలచినదంతయు ఈ యొక్క వాక్యమునకు వ్యాఖ్యానమే.

వైద్యసేవయొక్క మంచిచెడ్డలను కొలుచుటకు శాస్త్రీయమైన మార్గమును వేసినవాడు అవెడిస్ డొనబెడియన్ అను వైద్యుడు. బేరూతులో జన్మించి అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన ఈ మహనీయుడు 1966లో ప్రకటించిన వ్యాసమున సేవను మూడు వైపులనుండి చూడుడని బోధించెను: సాధనసంపత్తి యేమి, జరుగుచున్న పని యేమి, ఫలిత మేమి. మంచములు, మనుష్యులు, ధనము మొదటిది; ఆ మనుష్యులు గంటగంటకును చేయు పని రెండవది; దానివలన వృద్ధుని దేహమునకు, మనస్సునకు కలిగిన మేలు లేక కీడు మూడవది. మన కుటుంబములు మొదటిదానిని మాత్రమే చూచి మురిసి, డబ్బు కట్టి మరలి వచ్చుచున్నవి. నేను మిమ్ములను కడపటినుండి మొదటికి రమ్మని కోరుచున్నాను.

ఫలితమును తెలుపు మొదటి సాక్షి చర్మము. కదలలేని మనిషి ఒకే ప్రక్కను పడియున్నచో ఎముకకును పరుపునకును నడుమ చిక్కిన మాంసమునకు రక్తము అందక, నడుము క్రిందను, తుంటి ప్రక్కలను, మడమలయందును మొదట ఎఱ్ఱదనము, పిమ్మట బొబ్బ, తుదకు ఎముక కనిపించునంతటి పుండు ఏర్పడును. క్రిమియాయుద్ధమున సైనికులకు సేవచేసిన ఫ్లారెన్సు నైటింగేలు, ఇట్టి పుండు సాధారణముగా రోగముయొక్క దోషము కాదనియు, ఉపచారముయొక్క దోషమేననియు నూటయరువది యేండ్లకు పూర్వమే నిష్కర్షగా వ్రాసినది. 1962లో డోరీన్ నార్టన్ అను ఆంగ్ల నర్సు వృద్ధుని దేహస్థితి, మనఃస్థితి, నడక, కదలిక, మలమూత్రములపై అదుపు అను అయిదింటికి మార్కులు వేసి, ఎవరికి పుండు పడు ప్రమాదము గలదో ముందే కనిపెట్టు పద్ధతిని ఏర్పరచినది. కావున మీరు, “ఇచ్చట పడకపుండ్లున్నవారు ఎందరు? వారిలో ఇచ్చటికి వచ్చిన పిమ్మట పుండు పడినవారు ఎందరు?” అని అడుగుడు. పడకపట్టినవానిని సుమారు రెండు గంటలకొకసారి ప్రక్క మార్చవలెను. మార్చిన ప్రతిసారియు చార్టులో వ్రాయవలెను. ఆ చార్టును చూపుమని కోరుడు. రాత్రియు పగలును కలిపి పండ్రెండు నమోదులు ఒకే కలముతో, ఒకే చేతివ్రాతతో, ఒకే వరుసలో ఉన్నచో ఆ పండ్రెండును ఒకేసారి కూర్చుండి వ్రాసినవని గ్రహింపుడు.

రెండవ సాక్షి దేహపు బరువు. నెలరోజులలో నూటికి అయిదు వంతులు, అనగా అరువది కిలోల మనిషి మూడు కిలోలు తగ్గుట వైద్యుడు విచారింపవలసిన విషయము. నెలనెలయు తూచి వ్రాయని గృహము ఈ హెచ్చరికను వినజాలదు. భోజనపు పట్టికను చదివి తృప్తిపడక భోజనవేళ పోయి చూడుడు. పక్షవాతమువలన మ్రింగుట కష్టమైనవానిని పండుకొనబెట్టి నోటిలో కుక్కినచో మెతుకు ఊపిరితిత్తులలోనికి పోయి న్యుమోనియా తెచ్చును. నిటారుగా కూర్చుండబెట్టి, మెత్తగా కలిపి, ముద్ద ముద్దకును ఆగి తినిపించుటకు అరగంటయైనను పట్టును. ఒక ఆయమ్మ ఎనమండుగురికి తినిపించవలసియున్నచో ఆ అరగంట ఎక్కడనుండి వచ్చును? వయసు ముదిరినకొలది దప్పిక తెలియుట తగ్గును. ఈ సముద్రతీరపు ఉక్కపోతలో, ఏప్రిలు, మే నెలలలో, చేతికి అందనంత దూరమున పెట్టిన మంచినీళ్లచెంబు లేనిదానితో సమానము.

మూడవ సాక్షి కదలిక. 1935లో లండనులోని వెస్టు మిడిల్‌సెక్సు ఆసుపత్రిలో మార్జరీ వారెన్ అను వైద్యురాలు, పనికిరానివారని మంచములకు వదలివేయబడిన వందలాది వృద్ధరోగులను ఒక్కొక్కరినే పరీక్షించి, లేపి, నిలబెట్టి, నడిపించి, పెక్కుమందిని ఇండ్లకు పంపగలిగినది. మంచము చాలమందికి రోగమువలన కాక అలవాటువలన ప్రాప్తించునని ఆమె నిరూపించినది. మా వృద్ధవైద్యశాస్త్రమునకు అదియే పునాది. కావున ఉదయము పదిగంటలకు మీరు వెళ్లినప్పుడు అందరును పడకలమీదనే యున్నారా, కొందరైనను బట్టలు మార్చుకొని కుర్చీలలో, వరండాలో ఉన్నారా యని గమనింపుడు. మంచమునకు చేతులు కట్టినవారున్నచో ఏ కారణమును అంగీకరింపకుడు. “పడిపోవుదురని కట్టితిమి” అందురు. కట్టుట పడిపోవుటకు మందు కాదు. ఎత్తు తగ్గించిన మంచము, రాత్రి దీపము, జారని నేల, పిలిచిన వెంటనే వచ్చు మనిషి, ఇవియే మందు. కట్టుట ప్రాణాపాయము కూడ: 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడులోని ఏర్వాడియందు మానసికరోగుల ఆశ్రమము అంటుకొన్నప్పుడు గొలుసులతో బంధింపబడియున్న 28 మంది సజీవదహనమైరి. 2017 నాటి మానసిక ఆరోగ్యరక్షణ చట్టము మానసికరోగులను గొలుసులతో బంధించుటను నిషేధించినది.

గొలుసు కంటికి కనబడును, మాత్ర కనబడదు. రాత్రి కేకలు వేయు వృద్ధునికి నిద్రమాత్ర ఇచ్చుట ఆయనకు హితమో, డ్యూటీవారికి సౌకర్యమో విచారింపవలెను. 1987లో అమెరికా చేసిన చట్టము సిబ్బంది సౌకర్యముకొరకు గాని, శిక్షగా గాని వృద్ధుని త్రాళ్లతోనైనను, మందులతోనైనను బంధింపరాదని శాసించినది. 1991లో మార్కు బీర్సు అను వైద్యుడు ఇట్టి గృహములలోని వృద్ధులకు ఇవ్వదగని మందుల పట్టికనే సిద్ధపరచెను. మీ తండ్రికి ఇచ్చు ప్రతి మాత్రకును పేరేమి, కారణమేమి, ఎప్పుడు ఆపుదురు అని మూడు ప్రశ్నలు వేయుడు. పగలంతయు మత్తుగా జోగుచున్న గదిని ప్రశాంతమైన గదియని భ్రమపడకుడు.

ఇక మానమర్యాదల మాట. ఒకప్పుడు క్రేనులు నడిపిన, పడవలకు వెల్డింగు చేసిన, నలువురికి అన్నము పెట్టిన మనిషిని “ఏయ్ ముసిలోడా” అని పిలుచు చోట చక్కని పరుపున్నను సేవ లేదు. “తాతగారూ, ప్రక్కకు తిప్పుతాను, నొప్పి ఉంటే చెప్పండి” అని ముట్టుకొనుటకు ముందు చెప్పు చోట పాతమంచమైనను సేవ గలదు. మూత్రమునకు పోవలెనని పిలిచినవానిని డైపరులోనే కానిమ్మనుట, బట్టలు మార్చునప్పుడు తెర వేయకపోవుట, ఇవి చిన్నవిషయములు కావు. వృద్ధుడు అన్నము మానుకొనుట ఇచ్చటనుండియే మొదలగును.

ఈ ఫలితములను చూచిన తరువాతనే సాధనముల విచారము చేయుడు. శిక్షణపొందిన నర్సు ఎవరు, ఎన్ని గంటలుండును? రాత్రి డ్యూటీలో ఎందరు? ఆయమ్మలు ఎంతకాలమునుండి పనిచేయుచున్నారు? ఈ కడపటి ప్రశ్నను నేను మిక్కిలి ముఖ్యముగా భావింతును. చాలీచాలని జీతముతో, సెలవులేక, పండ్రెండేసి గంటలు నిలువుకాళ్లపై పనిచేయు స్త్రీ మూడునెలలకే మానివేయును. ఆమెతోకూడ ఆ వృద్ధుడు ఏ ప్రక్కకు తిప్పినచో మూలుగునో, ఏ కూర ఇష్టముగా తినునో అను జ్ఞానమంతయు వెడలిపోవును. సేవకురాలిని గౌరవింపని గృహము వృద్ధుని గౌరవింపజాలదు. మనము నెలరుసుమును బేరమాడి తగ్గించునప్పుడు ఆ తగ్గింపు ఎవరి జీతమునుండి పోవుచున్నదో కూడ ఆలోచింపవలెను.

ప్రభుత్వము పరీక్షించి మార్కులు వేయరాదా యని మీరడుగవచ్చును. అమెరికాలో 2008నుండి నర్సింగుహోములకు ఒకటినుండి అయిదు నక్షత్రములవరకు ఇచ్చుచున్నారు. కాని ఆ లెక్కలలో చాలభాగము గృహములు తామై పంపినవేయని విమర్శ చెలరేగుటచే పద్ధతిని మార్పుచేయవలసివచ్చినది. మన దేశమున 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము జిల్లాకు కనీసమొక్కటిగా, నిరుపేదలైన వృద్ధులు 150 మందికి తగ్గకుండ వసతిగల గృహములను నెలకొల్పవచ్చునని రాష్ట్రప్రభుత్వములకు చెప్పినది. నిరాదరణకు గురియైనవారు ఆ చట్టము క్రింది ట్రిబ్యునలును ఆశ్రయింపవచ్చును. 14567 అను సంఖ్యకు ఫోనుచేసినచో వృద్ధుల సహాయకేంద్రము పలుకును. చట్టము అవసరమే, అధికారి తనిఖీయు అవసరమే. అయినను తనిఖీ ఏడాదికొకదినము జరుగును. వృద్ధుని వీపు ప్రతిదినమును పరుపుకు ఆనియుండును. కావున చెప్పకుండ, వేర్వేరు వేళలలో, ఆదివారముననే కాక మంగళవారము సాయంకాలమును పోయి చూచు బంధువే ఆ గృహమునకు నిజమైన తనిఖీదారు. ఎప్పుడైనను రండు అను గృహమును నమ్ముడు. ఫోను చేసి రండు అను గృహమును సందేహింపుడు.

మరి చూడబోవు బంధువే లేనివాని గతి యేమి? నా ప్రసంగమునంతటిని నేను నిలిపినది ఆయనమీదనే గదా! మన మల్కాపురములో విశ్రాంతులైన నర్సులున్నారు, కార్మికసంఘములను నడిపిన పెద్దలున్నారు, కళాశాలలలో చదువు యువతీయువకులున్నారు. వీరందరు కలిసి ఒక సందర్శకసంఘముగా ఏర్పడి, గృహనిర్వాహకుల సమ్మతితో, పదునైదుదినములకొకసారి ఈ పరిసరములలోని వృద్ధగృహములకు వెళ్లి, చూడవచ్చువారెవ్వరును లేనివారిని ముందుగా చూచి, చర్మము, బరువు, కదలిక, మందులు, మర్యాద అను అయిదు విషయములను ఒక పుస్తకమున వ్రాసి, లోపమున్నచో మొదట నిర్వాహకునితోను, దిద్దుకొననిచో అధికారులతోను చెప్పవలెనని నా ప్రతిపాదన. మంచి గృహము మీరు రావలదని అనదు. తన ఆయమ్మల కష్టమును లోకము చూచినందుకు సంతోషించును. రావలదన్న గృహమును గూర్చి మీకు తెలియవలసినది ఆ మాటతోనే తెలియును.

తమ కండబలముతో ఈ ఊరిని కట్టినవారికి మనము చెల్లింపవలసిన ఋణమిది. ఈ సభ ముగియుటకు ముందే ఆ సంఘమునకు పేర్లు వ్రాసికొనవలసినదిగా అధ్యక్షులను ప్రార్థించుచున్నాను. వైద్యునిగా నా పేరును మొదట చేర్చుకొనుడు.