లోహమునకు మరణము లేదు

(కాటేదానులోని ఒక పఠనమందిరమున చేసిన ప్రసంగపాఠము)



ఈ సభకు వచ్చు దారిలో పాత ఇనుము నింపిన బండి యొకటి నాకెదురయ్యెను. విరిగిన కిటికీ చువ్వలు, చిల్లిపడిన బిందెలు, తుప్పుపట్టిన సైకిలు చట్రములు అందున్నవి. మనము పారవేసినదానిని కొలిమి పారవేయదు. కుండ పగిలిన పెంకగును. కట్టె కాలిన బూడిదయగును. లోహము మాత్రము కరగి మరల లోహమే యగును. ఈ గుణము మనకు భాగ్యమును కాగలదు, శాపమును కాగలదు. నేడు మనవి చేయదలచినది ఇదియే.

మన పూర్వులు ఈ గుణము నెఱిగి బ్రతికిరి. అరిగిన నాగటికఱ్ఱు కమ్మరి కొలిమికి పోయి పదునుతో తిరిగి వచ్చెడిది. సొట్టపడిన ఇత్తడి బిందెను తూకమునకిచ్చి, ఆ మేరకు వెల తగ్గించుకొని క్రొత్త బిందె తెచ్చుకొనెడివారు. చింతపండు పులుసు తగిలిన ఇత్తడి విషమగునని తెలిసి, గిన్నెల లోపల తగరముతో కళాయి పూయించిరి. లోహమును వాడుటయందే గాక, దానివలన కీడు రాకుండ చూచుటయందును వారికి నేర్పుండెను.

ఆ నేర్పు వంటింటితో ఆగలేదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రమున మట్టిమూసలలో ఇనుము నుంచి, మూతలు మెత్తి, కాచి, మెల్లగా చల్లార్చి ఉక్కు తీసెడివారు. దానికొఱకు పారశీక వర్తకులే అచటికి వచ్చిరని వైద్యుడు వాయిసీ వ్రాసిన వృత్తాంతము 1832లో అచ్చయ్యెను. ఐరోపావారు ‘ఊట్జ్’ అని పిలిచిన మన దక్షిణదేశపు ఉక్కును 1819లో ఫారడే అంతవాడు పరీక్షించెను. జనగామ చెంతనున్న పెంబర్తిలో నేటికిని ఇత్తడి రేకును ఉలితో మలచి కలశములును, దేవతా కవచములును చేయుచున్నారు.

ఇక బిద్రీ పని చూడుడు. పదునాఱు పాళ్ల యశదమునకు ఒక పాలు రాగి చేర్చి పోతపోసి, వెండి తీగ పొదిగి, బిదరు కోట మట్టిని నవాసాగరముతో కలిపి రుద్దుదురు. యశదము నల్లబడును, వెండి తెల్లగానే మెఱయును. అచట మట్టి లోహమునకు శోభ నిచ్చినది.

మఱి కాటేదానులో లోహము మట్టికేమి ఇచ్చినది? హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు, ఇతరులతో కూడి, ఇచటి నేలను పరీక్షించి 2008లో ఫలితములు ప్రకటించిరి. ఇచ్చట సుమారు 300 పరిశ్రమలుండెననియు, నేలలో సీసము, క్రోమియము, నికెలు, యశదము, పాషాణము, కాడ్మియము మిక్కిలిగా ఉన్నవనియు, వ్యర్థములను ఇష్టము వచ్చినచోట కుమ్మరించుటయే ముఖ్యకారణము కావచ్చుననియు వారు తెలిపిరి. చెత్త కుళ్లి మట్టిలో కలియును, సీసము కుళ్లదు. అది ధూళియై పసివాని చేతికి, చేతినుండి నోటికి చేరి బుద్ధివికాసమును కుంటుపఱచును.

కర్మాగారములు మూయుడని నేను చెప్పను. వానివలన ఎన్నో ఇండ్లలో పొయ్యి వెలుగుచున్నది. కాని యజమానులారా! పూతతొట్లు కడిగిన నీటితో పోవు నికెలును, క్రోమియమును మీరు సొమ్ము పెట్టి కొన్నవి కావా? వానిని తిరిగి పట్టుకొనుట లాభమే గాని నష్టము కాదు. పనివారలారా! పనిబట్టలతో ఇంటికి పోయి బిడ్డల నెత్తుకొనకుడు. ముందు చేతులు కడుగుకొని బట్టలు మార్చుకొనుడు. గృహస్థులారా! పాత బ్యాటరీని చెత్తలో వేయకుడు. 2022 నాటి నియమముల ప్రకారము దానిని తిరిగి సేకరింపజేయు బాధ్యత ఉత్పత్తిదారులది. ఆ బాధ్యతను అడిగి చేయించుకొనుడు.

ఏ కమ్మరియు కొలిమి కసవును తన ఇంటి బావిలో పోయడు. ఈ నేల మనందఱి బావి. లోహమునకు మరణము లేదు. కావున అది మన చేతిని విడిచిన పిమ్మట ఎచటికి చేరునో చూచుటయు మన ధర్మమే.