కానరాని డిస్కు

కొత్త కంప్యూటరులో విండోసు నెక్కింపబూనినవారికి ఒక్కొక్కప్పుడు విచిత్రమైన యనుభవము కలుగును: పెట్టెలో డిస్కు భద్రముగా నున్నను, తెరమీద డిస్కుల పట్టిక మాత్రము శూన్యముగా దర్శన మిచ్చును. డిస్కు చెడినదని దుకాణమునకు పరుగెత్తుట తొందరపాటు. దానితో సంభాషింపవలసిన డ్రైవరను చిన్న ప్రోగ్రాము ఇన్‌స్టాలరునొద్ద లేకపోవుటయే తఱచుగా కారణము.

2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీకి, పిమ్మట వచ్చిన సాటా డిస్కుల ఏహెచ్‌సీఐ పద్ధతి తెలియదు. కావున ఆరంభమున నీలితెర యడుగున క్షణకాలము మెఱయు సూచన ననుసరించి, ఎఫ్6 మీట నొక్కి, డ్రైవరును ఫ్లాపీనుండి యందీయవలసి వచ్చెడిది. ఫ్లాపీలే అంతరించుచున్న కాలమున నీ నిబంధన యెంత హాస్యాస్పదము! తరువాత విండోస్ విస్టా వచ్చి పెన్‌డ్రైవునకు ద్వారము తెఱచినది.

ఐనను చిక్కు తీరలేదు. ఇంటెల్ 11వ తరము ప్రాసెసర్లు గల అనేక ల్యాప్‌టాపులలో వీఎండీ యను నియంత్రకము డిస్కునకు ముందు నిలిచి యుండుటచే, విండోస్ 10 ఇన్‌స్టాలరు దానిని గుర్తింపజాలదు. అట్టిచో తయారీదారు వెబ్‌సైటునుండి డ్రైవరును దింపుకొని, ఎక్స్‌ట్రాక్ట్ చేసి, ఐఎన్ఎఫ్ ఫైలున్న ఫోల్డరును పెన్‌డ్రైవులో నుంచి, ‘లోడ్ డ్రైవర్’ నొక్కి చూపినచో డిస్కు ప్రత్యక్షమగును. బయాసులో వీఎండీని ఆపివేయుట మరియొక మార్గమే కాని, అదివరకే విండోసున్న యంత్రమున నట్లు చేసినచో నది బూటు కాకపోవచ్చును.