పేరు చెప్పని రసాయనం, కారణం తేలని జబ్బు

(పలాసలో విద్యార్థులు, ఉద్యోగులు ఏర్పాటు చేసుకున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



పలాసలో నిలబడి రసాయనాల గురించి మాట్లాడటానికి మాకు పెద్ద పుస్తకాలు అక్కర్లేదు. ఈ ఊళ్లో జీడి పిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు చూస్తే చాలు. పిక్క పెంకులో ఉండే సొన తగిలితే చర్మం కాలుతుంది, పొక్కుతుంది, వేళ్ల మీద నల్లటి మచ్చ కడుతుంది. అదే సొనను తీసి శుద్ధి చేస్తే రంగుల్లో, బండ్ల బ్రేకుల్లో పనికొస్తుంది. అంటే ఒక ద్రవం సరుకూ అవుతుంది, గాయమూ అవుతుంది. ఎక్కడ ఉంది, ఎంత ఉంది, ఎవరి చేతికి అంటుతోంది అన్నదే లెక్క. మన ఆడవాళ్లకు దాని పేరు తెలుసు, దాని గుణం తెలుసు. తెలుసు గనక చేతులకు నూనె రాసుకుని పనిలో కూర్చుంటారు. మరి పేరే చెప్పని ద్రవం మన నేలలోకి దిగితే ఏం రాసుకోవాలి? ఈ రోజు మేము మాట్లాడదలుచుకున్నది ఈ ఒక్క ప్రశ్న గురించే.

బొగ్గు అనగానే మనకు పొగ గుర్తొస్తుంది. గ్యాసు అనగానే మంట గుర్తొస్తుంది. కానీ మిత్రులారా, ఈ రెండూ ముందు నీళ్లతో మొదలయ్యే పరిశ్రమలు. నీళ్లు తీసుకుంటాయి, అందులో మందులు కలుపుతాయి, పని అయ్యాక ఆ నీళ్లను ఎక్కడో ఒకచోట వదలాలి. ఆ 'ఎక్కడో' ఎప్పుడూ కంపెనీ ఆఫీసు వెనక ఉండదు. మనలాంటి వాళ్ల ఊరి వెనకే ఉంటుంది.

ముందు గ్యాసు సంగతి చెబుతాం. భూమి అడుగున వేల అడుగుల లోతులో షేల్ అనే గట్టి రాయి ఉంటుంది. దాని పొరల్లో గ్యాసు ఇరుక్కుని ఉంటుంది. బావి తవ్వి, విపరీతమైన ఒత్తిడితో నీళ్లు పంపి ఆ రాయిని పగలగొడతారు. పగుళ్లు మళ్లీ మూసుకోకుండా ఇసుక కూడా పంపుతారు. దీన్నే హైడ్రాలిక్ ఫ్రాక్చరింగ్, పొట్టిగా ఫ్రాకింగ్ అంటారు. ఒక్క బావికి కోటి లీటర్ల నీళ్లు కావడం మామూలు మాట.

ఆ నీళ్లు ఉత్త నీళ్లు కావు. ఇసుకను మోయడానికి నీళ్లు చిక్కబడాలి. అందుకు గ్వార్ గమ్ కలుపుతారు. అదేమిటో తెలుసా? మనం కూర వండుకునే గోరుచిక్కుడు గింజల జిగురు! అక్కడితో ఆగితే ఎవరికీ బాధ లేదు. పొరలోని ఖనిజాలను కరిగించడానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సూక్ష్మజీవులను చంపడానికి ఆసుపత్రుల్లో పరికరాలు కడిగే గ్లూటరాల్డిహైడ్, నీళ్లు గొట్టంలో జారడానికి పాలీయాక్రిలమైడ్, గొట్టం తుప్పు పట్టకుండా ఇంకో మందు, గార కట్టకుండా ఇంకొకటి. అమెరికా పర్యావరణ సంస్థ 2016లో ఇచ్చిన నివేదికలో ఈ ద్రవాల్లో వాడినవంటూ 1,084 రసాయనాలను లెక్క తేల్చింది. ఒక్క బావిలో ఇవన్నీ వేయరు. కానీ ఏ బావిలో ఏవి వేశారన్నదే అసలు ప్రశ్న.

కంపెనీల జవాబు ఎప్పుడూ ఒకటే: 'మందులు అర శాతమే కదా'. మంచిది, లెక్క వేద్దాం. కోటి లీటర్లలో అర శాతం అంటే యాభై వేల లీటర్లు. పదివేల లీటర్ల ట్యాంకర్లు అయిదు! మన ఊరి మంచినీటి బావి పక్కన అయిదు ట్యాంకర్ల మందు దించుతామంటే 'అర శాతమే కదా' అని ఊరుకుంటామా?

ఏం కలిపారో చెప్పండంటే 'వ్యాపార రహస్యం' అంటారు. అమెరికాలో 2005లో చేసిన ఇంధన చట్టం అయితే ఫ్రాకింగ్ ద్రవాలను తాగునీటి రక్షణ చట్టం పరిధి నుంచే తప్పించింది. ఒక్క డీజిల్‌ను మాత్రం మినహాయించింది. అక్కడి జనమే దానికి 'హాలిబర్టన్ సందు' అని పేరు పెట్టుకున్నారు. ఈ పని చేసే పెద్ద కంపెనీల్లో హాలిబర్టన్ ఒకటి.

ఇది అమెరికా గొడవ, మనకెందుకు అని అనుకోవద్దు. మన దేశంలో 2013లో షేల్ గ్యాస్ విధానం వచ్చింది. ఓ.ఎన్.జి.సి. షేల్ కోసం చూసిన ప్రాంతాల్లో కృష్ణా గోదావరి బేసిన్ ఒకటి. 2018లో ఆ అవకాశాన్ని ప్రైవేటు కంపెనీలకు కూడా ఇచ్చారు. మన శ్రీకాకుళం నేల మీద ఇలాంటి బావి లేదు. మన దగ్గరకు వచ్చింది దాని అన్న, బొగ్గు.

తాల్చేరు గనుల బొగ్గు రేకులు మన పలాస స్టేషన్ మీదుగా పోతుంటే రోజూ చూస్తున్నాం. ఆ బొగ్గు గని నుంచి పొయ్యి దాకా వచ్చే లోపల ఎన్ని స్నానాలు చేస్తుందో చాలామందికి తెలియదు. రాయి, మట్టి వేరు చేయడానికి బొగ్గును కడుగుతారు. సన్నటి పొడిని తేల్చడానికి డీజిల్ లాంటి నూనెలు, నురుగు మందులు కలుపుతారు. బురదను పేర్చడానికి పాలిమర్లు వేస్తారు. ప్లాంటుకు వచ్చాక బాయిలర్ నీళ్లలో హైడ్రజీన్, అమ్మోనియా, చల్లబరిచే నీళ్లలో క్లోరిన్, నీటిని శుద్ధి చేసే చోట ఆమ్లం, క్షారం. చివరికి మిగిలేది బూడిద. అందులో ఆర్సెనిక్, సీసం, పాదరసం, సెలీనియం కొద్దికొద్దిగా ఉంటాయి. ఆ బూడిదను నీళ్లలో కలిపి చెరువులా నిలబెడతారు.

ఈ కడిగే మందుల్లో ఒక్కటి ఏం చేయగలదో 2014 జనవరి 9న ప్రపంచం చూసింది. అమెరికాలో వెస్ట్ వర్జీనియా బొగ్గు రాష్ట్రం. దాని రాజధాని చార్లెస్టన్ దగ్గర ఎల్క్ నది ఒడ్డున ఫ్రీడమ్ ఇండస్ట్రీస్ అనే కంపెనీ ట్యాంకులు ఉండేవి. బొగ్గు కడిగే ఎం.సి.హెచ్.ఎం. అనే ద్రవం ఒక ట్యాంకు నుంచి కారి నదిలో కలిసింది. దానికి కాస్త దిగువనే ఊరికి మంచినీళ్లు తోడే చోటు ఉంది. మూడు లక్షల మందికి 'కుళాయి నీళ్లు తాగొద్దు, వండొద్దు, స్నానం కూడా చేయొద్దు' అని చెప్పారు. నీళ్లలో అతిమధురం వాసన. ఆ మందు మనిషి ఒంట్లోకి పోతే ఏమవుతుందని అడిగితే డాక్టర్ల దగ్గర సరైన సమాచారమే లేదు. పైగా ఆ ట్యాంకులో ఇంకో రసాయనం కూడా కలిసి ఉందని కంపెనీ పన్నెండు రోజుల తర్వాత గాని బయటపెట్టలేదు. ఈలోగా అది దివాలా పిటిషన్ కూడా వేసేసింది!

ఆస్పత్రులు, ప్రయోగశాలలు, కోర్టులు అన్నీ ఉన్న అమెరికాలో ఇది జరిగింది. ఇప్పుడు ఉద్దానం వైపు చూడండి.

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. ఉద్యానవనం అన్న మాట నుంచే ఉద్దానం పేరు వచ్చిందంటారు. కొబ్బరి, జీడి, పనస. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ వచ్చి తోటలను నేలకూల్చినా మళ్లీ మొక్క నాటిన జనం మనవాళ్లు. కానీ కిడ్నీ జబ్బుకు మాత్రం మన దగ్గర మందు లేదు. ఇరవై ఏళ్లకు పైగా నీటిని పరీక్షించారు, నేలను పరీక్షించారు, రక్తం తీసుకుపోయారు. సిలికా అన్నారు, పురుగుమందులు అన్నారు, ఎండలో చాకిరీ అన్నారు, వంశపారంపర్యం అన్నారు. ఇదే కారణమని అందరూ ఒప్పుకునే మాట రాలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, మధ్య అమెరికా చెరకు తోటల్లో ఇలాంటి జబ్బే ఉంది. అక్కడా ఇదే వెతుకులాట. 2023 డిసెంబర్ 14న ఈ పలాసలోనే 200 పడకల కిడ్నీ ఆసుపత్రిని, హిరమండలం నుంచి వంశధార నీళ్లు తెచ్చే పథకాన్ని ప్రారంభించారు. మంచిదే. డయాలిసిస్ కోసం విశాఖ బస్సెక్కే బాధ కొందరికైనా తగ్గింది. కానీ ఆ మంచం మీద పడుకున్న మనిషి 'నాకెందుకొచ్చింది బాబూ?' అని అడిగితే జవాబు ఇంకా లేదు.

ఇంత తెలియనితనం ఉన్న నేల మీదకు బొగ్గు ప్లాంట్లు తెచ్చారు. సోంపేట బీలలో ఒకటి, టెక్కలి పక్కన సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి తంపరలో ఒకటి. ఒక్కొక్కటీ 2,640 మెగావాట్లు! మన దేశపు బొగ్గే కాలిస్తే ఒక్కో ప్లాంటుకు ఏడాదికి కోటి టన్నులకు పైగా కావాలి. అందులో మూడో వంతు బూడిద. ఎక్కడ పోస్తారు? ఉద్దానం ఇసుక నేల. పైన పోసింది కిందికి దిగడానికి ఎంతసేపు? ఎత్తిపోతల నీళ్లు, చేపలు, వరి, గడ్డి ఇచ్చే బీలను కాగితాల మీద పనికిరాని భూమి అని రాశారు. తేలినీలాపురం కొంగలకు తెలిసిన విలువ ఆ కాగితం రాసినవాళ్లకు తెలియలేదు.

అప్పటికి మేము కాలేజీ కుర్రాళ్లం. దీక్షా శిబిరాల్లో కూర్చున్నాం. అక్కడ చదువుకోని రైతులు, మత్స్యకారులు అడిగిన ప్రశ్నలు మా పుస్తకాల్లో లేవు. 'వేడి నీళ్లు ఏటి చేత్తారు? బూడిద నీళ్లు ఎటు పోతాయి? మా నూతిలో దిగితే ఎవలు సెప్తారు?' జవాబు చెప్పాల్సినవాళ్లు తుపాకులు పంపారు. 2010 జూలై 14న సోంపేటలో కాల్పులు. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో కాల్పులు. రెండు చోట్లా ప్రాణాలు పోయాయి, వడ్డితాండ్రలో ఇళ్లు కాలాయి. సోంపేటలో కాల్పులు జరిగిన రోజే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటుకిచ్చిన అనుమతిని రద్దు చేసింది. అంటే జనం అడిగింది న్యాయమని ఢిల్లీలో తేలే సమయానికి ఇక్కడ శవాలు లేచాయి! కాకరాపల్లిలో కూడా కాల్పుల తర్వాతే కేంద్రం పనులు ఆపమంది. ప్రాణం పోతేగాని ఫైలు కదలదా?

ఆ తర్వాత పోలాకి అన్నారు, సుమిటోమో అన్నారు. ఈమధ్య బూర్జ, సరుబుజ్జిలి వైపు థర్మల్ మాట వచ్చింది, గిరిజన గ్రామాలు వద్దంటున్నాయి. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేసిన మూలపేట రేవులో దిగే సరుకుల్లో బొగ్గు కూడా ఉంది. రేవు వద్దని మేము అనడం లేదు. మన పిల్లలు సూరత్, ముంబయి, చెన్నై రైళ్లు ఎక్కకుండా ఇక్కడే పని దొరకాలి. కానీ పని పేరు చెప్పి నీళ్లు తీసుకోవడం, నీళ్లలో ఏం కలిపారో చెప్పకపోవడం ఒప్పుకోం.

ఇక్కడే ప్రత్యేక రాష్ట్రం మాట వస్తుంది. నదులు మనవి, తీరం మనది, సంతకం మాత్రం ఇంకెక్కడో. తమిళనాడు 2020లో కావేరి డెల్టాను రక్షిత వ్యవసాయ మండలంగా ప్రకటిస్తూ చట్టం చేసింది. కొత్తగా గ్యాసు, షేల్ తవ్వకాలు అక్కడ కుదరవంది. రైతులు ఏళ్ల తరబడి పోరాడారు, వాళ్ల శాసనసభ వినక తప్పలేదు. ఉద్దానం కోసం అలాంటి చట్టం చేసే శాసనసభ మనకు కావాలి.

కానీ మనలో మనం ఒక మాట నిజం చెప్పుకుందాం. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ 2000లో ఆదివాసుల పేరున వచ్చాయి. రాష్ట్రం వచ్చింది గాని గని ఆగలేదు. బోర్డు మారినంత మాత్రాన బూడిద చెరువు మంచినీటి చెరువు కాదు. తెలుసుకునే హక్కును ఉద్యమంలోనే సంపాదించుకోకపోతే రాష్ట్రం వచ్చాక ఎవరూ పళ్లెంలో పెట్టి ఇవ్వరు.

అందుకే విద్యార్థులకు, ఉద్యోగులకు మేము పని అప్పగిస్తున్నాం. 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు ముందు నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో ఇవ్వాలి, ముప్పై రోజుల గడువు ఇవ్వాలి. తెలుగు కాగితం చేతికి వచ్చేదాకా సభ జరగనివ్వొద్దు. అందులో మందుల పేర్లు వెతకండి. 'శుద్ధి రసాయనాలు' అని గుంపుగా రాస్తే ఒప్పుకోవద్దు. ప్రతి రసాయనానికి సి.ఎ.ఎస్. నంబరు ఉంటుంది. కంపెనీ పేరు మార్చవచ్చు గాని ఆ నంబరు మారదు. నంబరు అడగండి, పరిమాణం అడగండి, కారితే ఎటు పోతుందో మ్యాపు అడగండి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలో ఉంది. ఆఫీసుల్లో ఉన్న మన ఉద్యోగులు ఆ దరఖాస్తును బీరువాలో పడేయకుండా చూస్తే అదే ఉద్యమ సేవ. కెమిస్ట్రీ చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ప్లాంటు రాకముందే మీ ఊరి నూతి నీళ్ల పరీక్ష చేయించి కాగితం దాచండి. రేపు 'ముందునుంచీ ఇంతే' అని వాళ్లు అంటే ఆ కాగితమే మన సాక్షి.

ఉద్దానంలో కారణం తేలని జబ్బు ఒకటి ఉంది. దాని పక్కన పేరు చెప్పని రసాయనాన్ని తెచ్చి పెడితే రేపు దేనివల్ల ఏం జరిగిందో ఎవరూ తేల్చలేరు. అప్పుడు నేరం చేసినవాడు నవ్వుకుంటాడు, జబ్బు పడ్డవాడు రుజువులు వెతుక్కుంటాడు. ఆ రోజు రానివ్వకూడదు. హాని లేదని రుజువు చేయాల్సింది వచ్చేవాడు. హాని జరిగిందని చచ్చి రుజువు చేయాల్సిన పని మనది కాదు.

బీలలో, తంపరలో ప్రాణాలిచ్చిన వాళ్లకు జోహార్లు. మన నీళ్లలో ఏముందో మనకు చెప్పే రాష్ట్రం కోసం కలిసి నడుద్దాం.

జై ఉత్తరాంధ్ర!